చాయ్ కింద పసుపు

ల్యాప్‌టాప్ మీద ఏం పడింది అని అడిగితే నిజం చెప్పిన మనిషి ఈ పద్దెనిమిదేళ్ళలో నాకు ఒక్కడూ తగల్లేదు. "ఏం పడలే అన్నా, దానంతట అదే బందయింది" అంటారు. మూత విప్పితే లోపల షర్బత్ మడుగు కట్టి ఉంటుంది. ఒకాయనకు కీబోర్డులోంచి బిర్యానీ లవంగం తీసి చేతిలో పెట్టాను. "ఇది మా ఇంటిది కాదు" అన్నాడు. అందుకే హుస్సేనీ ఆలంలో నా కొట్టుకొచ్చేవాళ్ళు చెప్పేది ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాను. యంత్రం లోపలి సర్క్యూట్ బోర్డు చెప్పేది మాత్రం వింటాను. దానికి మొహమాటం లేదు, బంధువులూ లేరు.

ఆ బుధవారం కథ తిరగబడింది. ఒక అమ్మాయి వచ్చి "చాయ్ పడ్డది అన్నా, నా చెయ్యే తగిలింది" అని అడక్కముందే ఒప్పుకుంది. బోర్డు మాత్రం చాయ్ కాదంది.

సరిగ్గా పదకొండింటికి వామన్‌రావు గారు నా బల్ల మీద ఒక కవరు పెట్టారు. మా గల్లీ చివరి అమ్మవారి గుడికి ఆయన కమిటీ సెక్రటరీ. కవరు మీద లక్క ముద్ర, ముద్ర పక్కన ఆయన సంతకం, కింద తారీఖు, మంగళవారం సాయంత్రం 5.30. లోపల గుడి ఆఫీసు ల్యాప్‌టాప్. మూడేళ్ళ కిందట నేనే కొనిపెట్టాను.

ఇంతలో ఆయన జేబులోంచి ఒక చిన్నపిల్ల అరిచింది. "తాతా, ఫోన్ ఎత్తు తాతా!" ఆయన మనవరాలు మాన్య గొంతది. రింగ్‌టోన్ బదులు ఆ గొంతే రికార్డు చేసి పెట్టుకున్నారు. వేరే రోజైతే అందరం నవ్వేవాళ్ళం. ఆయన నొక్కేసి, ఫోన్ జేబులో వేసుకున్నారు.

ఆయన వెనక ముగ్గురున్నారు. భార్య అహల్య గారు, నడుముకి తాళాల గుత్తితో. గుడి ఆఫీసులో కంప్యూటర్ పని చేసే లావణ్య, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళతో. ఆఖరివాడు మనీష్. వాడిది మాదాపూర్ వైపు అద్దాల ఆఫీసున్న డిటెక్టివ్ ఏజెన్సీ. పుట్టింది మాత్రం మా పక్క గల్లీలోనే. ఈసారి బోనాల బందోబస్తు, గుడి కెమెరాలు, అన్నీ వాడి కాంట్రాక్టే.

"అంజన్ భాయ్, మస్తు సింపుల్ పని" అని మనీష్ ఒక పెన్‌డ్రైవ్ తీసి తనే నా కంప్యూటర్‌కి గుచ్చాడు. "రిపోర్టు రాసే తెచ్చిన. ప్రింట్ కొట్టు, కింద నీ సంతకం వెట్టు. చాయ్ వడి బోర్డు కాలింది, డేటా రాదు. గంతే. ఒంటిగంటకు స్టేషన్ల కంప్లైంట్ ఇచ్చేది ఉంది."

"మూత తియ్యకుంట సంతకం ఎట్ల వెడత?"

"అరే భాయ్, రోజంతా బియ్యంల వెట్టినా లేవలే, నువ్వు స్క్రూడ్రైవర్ తోని లేపుతవా?"

బియ్యం మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. తడిసిన యంత్రాన్ని బియ్యంలో పాతిపెట్టమని ఎవడు చెప్పాడో కానీ, వాడి వల్ల నా దగ్గరికొచ్చే ప్రతి రెండో ఫోన్ ఛార్జింగ్ రంధ్రంలో ఒక బియ్యపు గింజ ఉంటుంది. తడిసినప్పుడు చెయ్యాల్సింది కరెంటు పీకడం, బ్యాటరీ విప్పడం. బియ్యం అన్నానికి, ల్యాప్‌టాప్ నాకు. ఈ ఉపన్యాసం మొదలుపెట్టే లోపలే గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు.

"బియ్యం సంగతి తర్వాత. నాకు కూసోనీకి స్టూలు ఉందా బిడ్డా?"

వాసవాంబ గారు ఎప్పటినుంచి అక్కడ నిలబడ్డారో నేను చూడలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు పోలీసుల వేలిముద్రల విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు పోలీసుల దాకా పోవడం ఇష్టంలేని వాళ్ళంతా ఆవిడ దగ్గరికి పోతారు. నోట్లో పాన్, నడుముకి పాన్ సంచీ, కళ్ళకి లావు అద్దాలు. ఆవిణ్ణి పిలిపించింది అహల్య గారట. భర్త ఎదుట ఆ మాట అహల్య గారు గుమ్మం వైపు చూస్తూ చెప్పారు.

మనీష్ మొహం మాడింది. ఒకప్పుడు రెండేళ్ళు ఆవిడ కిందే పని నేర్చుకున్నాడు వాడు. "అమ్మా, మీరు ఏలిముద్రల కాలం మనుషులు. ఇది డేటా కాలం. గిందుల మీకేం పని?"

"ఏలు లేకుంట డేటా ఎవరు కొడ్తరు బిడ్డా?" అని ఆవిడ నా మంచి స్టూలు లాక్కుని కూర్చున్నారు. "ముద్ర ఎవరన్న తీసిండ్రా?"

"లేదు" అన్నారు వామన్‌రావు గారు. "నిన్న ఐదున్నరకు నేనే వేసిన. రాత్రి నా మంచం కిందనే ఉంది."

"నిన్న దీనికేమైందో అందరు చూసిండ్రు, ఇంక టైం వేస్ట్" అన్నాడు మనీష్. "అమ్మోరి ముత్యాల కంఠి మార్చిండ్రు. అసలు కంఠి ఫోటోలు దీంట్ల ఉన్నయి. ఫోటోలు చూపియ్యమనంగనే ఈ పిల్ల చాయ్ గుమ్మరించింది. ఇంతకంటె సాక్ష్యం ఏం గావాలె?"

"సాక్ష్యం లోపలుంటది. మూత తియ్యనియ్యి" అన్నారు వాసవాంబ గారు.

చివరికి వామన్‌రావు గారే తేల్చారు. "ఒంటిగంట దాకా టైమిస్తున్న వాసవక్కా. అటెన్క నా చేతుల లేదు." మనీష్ ఆయన్ని తన కారులో ఎక్కించుకుని వెళ్ళాడు. లావణ్య, అహల్య గారు నా కొట్లోనే ఉండిపోయారు. గడియారం పదకొండు ఇరవై చూపిస్తోంది.

"చెప్పు బిడ్డా" అన్నారు వాసవాంబ గారు లావణ్యతో. "ఏడుపు ఆపి, గంటలు చెప్పు."

లావణ్య చున్నీతో ముక్కు తుడుచుకుంది. "శనివారం పన్నెండింటికి కంఠి ఫోటోలు తీసినమ్మా. ఏడు పేటలు, ఒక్కో పేట దగ్గర నుంచి, అరవై నాలుగు ఫోటోలు. ల్యాప్‌టాప్‌ల ఎక్కించి బీరువల వెట్టిన. తాళం సారుకిచ్చిన."

"మళ్ళెప్పుడు ముట్టినవ్?"

"నిన్ననే. ఆదివారం బోనాలు, సోమవారం ఘటం ఊరేగింపు, ఆఫీసే తియ్యలే. నిన్న నాలుగున్నరకు పత్తర్‌గట్టి నుంచి ముత్యాలాయన వచ్చిండు, కంఠికి దారం మార్చనీకి. చేతిల వట్టుకోంగనే ఇవి అసలియి కావన్నడు. సారు ఫోటోలు చూపియ్యమన్నడు. ఐదింటికి బీరువ నుంచి తీసి బటన్ నొక్కిన. లేవలే. మళ్ళ నొక్కిన. లేవలే. అందరు నన్నే చూస్తున్నరు. చేతులు వణికినయి. ఐదూ పదికి గ్లాసు తగిలింది."

"ఎంత చాయ్?"

"సగం గ్లాసు. దాంట్ల సగం నా చున్నీ మీదనే వడ్డది."

"ముందు లేవలే. అటెన్క చాయ్ వడ్డది. గీ మాట అందరికి చెప్పినవా?"

"చెప్పిన. మనీష్ సార్ నవ్విండు." ఆమె చున్నీ కొస వేళ్ళకి చుట్టుకుంది. "నౌకరి పోతె పోనీ అమ్మా. ముందు బోనం మా ఇంటిది. మూడు తరాల నుంచి మా ఇంటి బోనం పోయినంకనే వేరేటోళ్ళయి. ఇగ దొంగల ఇంటి బోనమంటే ఎవరు ముట్టనిస్తరు? మా అమ్మ నిన్నటి సంది బర్ల దగ్గరికి గూడ పోలే."

లావణ్య తల్లి సుశీలమ్మ నాకు తెలుసు. ఆవిడ పాల చాయ్ తాగే నేను రోజూ కొట్టు తీస్తాను. తెల్లవారక ముందే బర్రెల దగ్గరుండే మనిషి ఆవిడ.

వాసవాంబ గారు ముద్ర చూసి, అంచు తడిమి, తనే చింపారు. "వేరే కేసుల గది చూస్తం, గడప చూస్తం. గీ కేసుల గది ఇదే. విప్పు అంజన్. నువ్వు చూసింది చూసినట్టు చెప్పు, నీ అభిప్రాయం జోడించకు."

అభిప్రాయం లేకుండా మాట్లాడటం నాకు కష్టమే. అయినా షట్టరు సగం దించి, స్క్రూలు విప్పడం మొదలుపెట్టాను. మొత్తం పదకొండు. అన్నింటి నోళ్ళూ కొత్తగా ఉన్నాయి, కొన్నప్పటి నుంచి ఎవరూ విప్పలేదు. ముందు బ్యాటరీ తీగ పీకాను, ఆ తర్వాత కీబోర్డు ఎత్తాను.

"మీద కుడి పక్క ఆరేడు మీటల కింద చాయ్ ఉందమ్మా. ఇంక జిగురుగనే ఉంది. మీటల కింద రేకు పొడిగున్నది. చాయ్ కీబోర్డు దాటలే."

"అంటే?"

"అంటే ఇది చాయ్ తోని చావలే."

లావణ్య స్టూలు అంచుకి జరిగింది. నేను బోర్డు బయటికి తీసి దీపం కిందికి తెచ్చాను. పై నుంచి నీళ్ళు పడితే మరక కిందికి కారుతుంది. ఈ మరక అడుగు నుంచి పైకి ఎక్కింది. కింద గాలి పోయే జాలీ దగ్గర మొదలై, ఫ్యాన్ చుట్టూ తిరిగి, కరెంటు వచ్చే చోట ఆగింది. అక్కడ రాగి మీద ఆకుపచ్చగా చిలుము పేరుకుని ఉంది.

"కింద వెట్టినప్పుడు నీళ్ళు అడుగు నుంచి వచ్చినయమ్మా. నేల మీద వెట్టి నడిపిస్తున్నరు. ఆ నీళ్ళు ఆరి గట్టివడ్డయి. చాయ్ ఇంక తడిగున్నది. తారీఖు చెప్పలేను గని, నీళ్ళు ముందు, చాయ్ ఎనుక."

"ఏం నీళ్ళు?"

స్పిరిట్‌లో దూది ముంచి మరక మీద రుద్దాను. చాయ్ అయితే దూది గోధుమరంగుకి రావాలి. ఇది పచ్చగా వచ్చింది, నిమ్మపండు తొక్కంత పచ్చగా. నాకు తెలిసిన పానీయాలన్నీ మనసులో తిప్పాను. మామిడి రసం, ఆరెంజ్ సోడా, పప్పుచారు కూడా. దేనికీ ఈ రంగు లేదు. వీటన్నింటికీ జిగురో నూనో ఉంటుంది, దీనికి ఏదీ లేదు.

"దూది ఇటియ్యి" అన్నారు వాసవాంబ గారు. పాన్ సంచీలోంచి ఇత్తడి సున్నపుకాయ తీశారు. చిటికెన వేలితో కొంచెం సున్నం తీసి, దూది మీద అద్దారు.

దూది ఎర్రబడింది. ముందు సున్నం అద్దిన చోట, తర్వాత దాని చుట్టూ. చూస్తుండగానే పారాణి ముద్దలాగా తయారైంది.

"పెండ్లి ఇండ్లల్ల ఎర్రనీళ్ళు ఎట్ల చేస్తరు అంజన్?"

"పసుపుల సున్నం కలిపి" అన్నాను. నా చదువుకీ, నా మైక్రోస్కోపుకీ తోచనిది ఆవిడ పాన్ సంచీలో దొరికింది. సిగ్గూ, సరదా రెండూ ఒకేసారి వేశాయి.

"పసుపు నీళ్ళు. ఇంకేముంది లోపల?"

పటకారుతో జాలీ గీరాను. నల్లబడిన చిన్న ఆకు ముక్క వచ్చింది. అంచులు రంపం పళ్ళు. వేపాకు. ఫ్యాన్ రెక్కల మధ్య నుంచి వేరేవి మూడు వచ్చాయి. బియ్యపు గింజలు. తెల్లవి కావు, పసుపు రంగువి.

నేను మళ్ళీ బియ్యం మీద విరుచుకుపడబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు. "తిట్టకు. గింజ మాట్లాడుతున్నది. ఎవరో దీన్ని ఆరవెట్టిండ్రు. అంటే తడిపినోళ్ళు వేరే, ఆరవెట్టినోళ్ళు వేరే గావచ్చు. ల్యాప్‌టాప్ మునిగేటంత పసుపు బియ్యం ఈ వారం ఎక్కడుంది?"

లావణ్య టక్కున చెప్పింది. "గుడిల అమ్మా. బోనాలప్పుడు అమ్మోరికి అందరు ఒడిబియ్యం పోస్తరు గద. పెద్ద గంగాళం నిండింది."

చెప్పాక తను ఏం చెప్పిందో ఆమెకే అర్థమై ఆగిపోయింది. ఆడపిల్లకి పుట్టింటివాళ్ళు పసుపు కలిపి ఒడిలో పోసే బియ్యాన్ని మా వైపు అమ్మవారికీ పోస్తాం. ఆ గంగాళాన్ని మడి కట్టుకుని తప్ప ముట్టరు. ఆ గదికి ఒక్కటే తాళం.

వాసవాంబ గారు తల తిప్పకుండానే అడిగారు. "అహల్యా, ఒడిబియ్యం గది తాళం ఎవరి దగ్గరుంటది?"

అహల్య గారి చెయ్యి నడుము దగ్గర గుత్తిని గట్టిగా పట్టుకుంది.

"నేనే అక్కా" అన్నారావిడ. "నేనే వెట్టిన."

ఆవిడ ఆగకుండా చెప్పుకుపోయారు. "సోమవారం పొద్దుగాల నగల గది ఊడ్వనీకి పోయిన. ఈ ల్యాప్‌టాప్ గూట్ల ఉన్నది. ఎత్తితే అడుగునుంచి నీళ్ళు కారినయి. ఈయనే తెచ్చి, అక్కడ వెట్టి మరిచిండనుకున్న. తాళాలు ఈయనవే గద. పోయిన నెలనే బీపీ తోని వడ్డడు. కమిటీల పది మంది పది మాటలంటే తట్టుకోడు. బియ్యం నీళ్ళు గుంజుతదని మా మాన్య ఎప్పుడో చెప్పింది. అంత బియ్యం గంగాళంలనే ఉంది. అమ్మవారి బియ్యం, ఆమెనే చూసుకుంటదిలే అనుకున్న. మంగళవారం తెల్లారంగ తీసి, తుడిచి, బీరువల వెట్టిన."

"నిన్న ఈ పిల్లను అందరు నిలవెట్టి అడుగుతుంటే?"

"నోరు రాలేదక్కా." అహల్య గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "చెప్తే ఈయన పోతడు. చెప్పకుంటే ఈ పిల్ల పోతది. రాత్రంత నిద్ర లేదు. పొద్దున లేచి నీకు ఫోన్ చేసిన. నువ్వైతే నన్ను గూడ పట్టుకుంటవని తెలుసు. అయినా చేసిన."

లావణ్య ఆవిడ వైపు చూసిన చూపులో కోపం ఉంది. ఉండాలి కూడా. కానీ లేచి వెళ్ళి పక్కన కూర్చుంది. ఆ అమ్మాయి స్థానంలో నేనుంటే అంత పెద్దమనసు నాకు ఉండేది కాదు.

వాసవాంబ గారు మాత్రం కరగలేదు. "ఆరవెట్టినట్టు ఎవరికన్న చెప్పినవా? మీ ఆయనకు?"

"అమ్మవారి తోడు, ఎవరికి చెప్పలే. ఆయనకు గూడ."

"ఎవరన్న చూసిండ్రా?"

"ఆ గదిల ఎవరున్నరక్కా, కెమెరా తప్ప. అది గూడ ఆదివారమే కాలిపాయె గద. కరెంటు ఎక్కువొచ్చి కెమెరాలన్ని వోయినయని మనీషే చెప్పిండు."

ఆవిడ అప్పుడు నా వైపు తిరిగారు. "అంజన్, పొద్దున గీ బల్ల దగ్గర బియ్యం మాట ఎవరెత్తిండ్రు?"

నేను పటకారు బల్ల మీద పెట్టాను. రోజంతా బియ్యంల వెట్టినా లేవలే. ఆ మాట నా చెవిన పడింది. పడీపడగానే నేను నా ఉపన్యాసంలో మునిగిపోయాను. ఎదుటివాడి అబద్ధాలు పట్టడంలో ఘనుణ్ణనుకునే నేను, వాడి నోట జారిన నిజాన్ని వదిలేశాను.

"చాయ్ వడ్డది ఐదూ పదికి. ముద్ర వడ్డది ఐదున్నరకు" అని వేళ్ళు మడిచారు వాసవాంబ గారు. "నడుమ ఇరవై నిమిషాలు, నలుగురి ముంగట. ఈ పొద్దు దాక ముద్ర తియ్యలే. రోజంతా బియ్యంల ఉన్నదని అహల్యకు తెలుసు, ఆ గది కెమెరాకు తెలుసు. మనీష్‌కు ఎట్ల తెలిసింది?"

"కెమెరాలు కాలలే" అంది లావణ్య మెల్లగా.

"కాలలే. చూసిండు, చూసి దాచిండు. ఎందుకు దాచిండో గది తెల్వాలె. అంజన్, నీళ్ళు ఎప్పుడొచ్చినయో చెప్పగలవా?"

"బోర్డు చెప్పలేదు. డిస్క్ చెప్తది."

బోర్డు చచ్చినంత మాత్రాన డిస్క్ చావదు. ఈ సంగతి మనీష్‌కి తెలియదని నేను నమ్మను, నేను చూడననుకున్నాడు, అంతే. డిస్క్ విప్పితే చుక్క తడి లేకుండా పొడిగా ఉంది. దాన్ని తీగతో నా కంప్యూటర్‌కి తగిలించాను. రెండు నిమిషాలు ఏమీ రాలేదు. ఆ తర్వాత తెర మీద ఫోల్డర్లు తెరుచుకున్నాయి.

శనివారం నాటి ఫోటోలు అరవై నాలుగూ ఉన్నాయి. ఒక్కో ముత్యం మీద సొట్ట కూడా కనిపిస్తోంది. పత్తర్‌గట్టి ముత్యాలాయనకి ఇవి చాలు. లావణ్య తెరను చేత్తో తాకి చూసింది.

"దినచర్య చూడు" అన్నారు వాసవాంబ గారు.

ప్రతి కంప్యూటరూ లోపల ఒక చిట్టా రాసుకుంటుంది. ఎప్పుడు లేచాను, ఎప్పుడు పడుకున్నాను, ఎవరు ముట్టారు. మామూలుగా ఆపితే ఆపినట్టు రాస్తుంది. ఇక్కడ రాత మధ్యలో తెగిపోయింది. ఆఖరి వరస ఆదివారం, మధ్యాహ్నం మూడూ నలభై రెండు.

"ఆదివారం మూడూ నలభై రెండుకు నువ్వెక్కడున్నవ్ బిడ్డా?"

లావణ్య ఫోన్ తీసి ఒక వీడియో పెట్టింది. చుట్టాలబ్బాయి తీసి పంపాడట. డప్పులు, జనం, వాళ్ళ మధ్య పట్టుచీరలో లావణ్య, నెత్తి మీద బోనం, దాని మీద దీపం. గుడి మెట్టు ముందు ఆగింది. సుశీలమ్మ ఆమె చేతికి చెంబు అందించింది. లావణ్య బోనం కదలకుండా మోకాళ్ళు వంచి చెంబెడు నీళ్ళు, మళ్ళీ ఇంకో చెంబెడు, గడప ముందు ధారగా పోసింది. పసుపూ వేపాకూ కలిపిన నీళ్ళు, సాక. వీడియో మొదలైన టైము మూడూ నలభై ఒకటి.

"నగల గది ఎక్కడుంది?" వాసవాంబ గారి గొంతు మొదటిసారి కొంచెం మెత్తబడింది.

"మెట్టుకు ఎడమ పక్కనే. వాకిలి కంటె జానెడు కిందికి."

"సాక ఎటు పారుతది?"

లావణ్య వీడియోని వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టింది. వీడియోలో పసుపు నీళ్ళు రాళ్ళ మధ్య నుంచి ఎడమకి తిరిగి, మూసి ఉన్న ఒక తలుపు కిందికి పోతున్నాయి.

"నా నీళ్ళేనా అమ్మా?"

"నీ నీళ్ళే. ఆ తలుపు ఎనుక ఎవరో నేల మీద కూసోని, ఫోటోలు తీసెయ్యనీకి ఇది ముంగట వెట్టుకున్నరు. బయట డప్పులల్ల నువ్వొచ్చింది వాళ్ళకు తెల్వదు. తీసేసే లోపట నీ చెంబు నీళ్ళు వచ్చి ఆపేసినయి. మూడు తరాల సంది పోస్తున్నరు గద, ఈ తాప లెక్కకొచ్చినయి."

లావణ్య ఈసారి గట్టిగా, దాచుకోకుండా ఏడ్చింది. అహల్య గారు ఆమె తల ఒళ్ళోకి లాక్కున్నారు. నేను కళ్ళజోడు తుడుచుకునే పని పెట్టుకున్నాను. నాకు దేవుళ్ళంటే పెద్ద పట్టింపు లేదు. కానీ ఆ రోజు ఆ బోర్డు మీది మరకని కడగడానికి నాకు చేతులు రాలేదు.

"అంజన్, ఇంకొక్కటి. ఆ గంటల దీనికి ఏమన్న తగిలించిండ్రా?"

చిట్టాలో పది వరసలు వెనక్కి వెళ్ళాను. మూడూ ముప్ఫై ఒకటి. ఒక పెన్‌డ్రైవ్ గుచ్చారు, మళ్ళీ దొరక్కుండా చెరిపే సాఫ్ట్‌వేర్ తెచ్చేది అలాగే. ప్రతి పెన్‌డ్రైవ్‌కీ లోపల ఒక నంబరు ఉంటుంది. దాంట్లో ఉన్నవన్నీ చెరిపెయ్యొచ్చు, ఆ నంబరు మాత్రం మామూలుగా చెరగదు. పదహారు అంకెలు. కాగితం మీద రాసుకుంటూ ఉంటే, వాటిని ఎక్కడో చూసినట్టు అనిపించింది. ఎక్కడో కాదు. పొద్దుట్నుంచీ నా తెర మీద, కుడి పక్కన, నా సొంత కంప్యూటర్ చిట్టాలో అవే అంకెలున్నాయి. ఒకటికి రెండుసార్లు వేలు పెట్టి సరిచూశాను.

"అమ్మా" అన్నాను. "ఆ పెన్‌డ్రైవ్ ఇక్కడనే ఉంది. రిపోర్టు తెచ్చింది దాంట్లనే."

నల్లటి పెన్‌డ్రైవ్ నా కంప్యూటర్‌కి గుచ్చి ఉంది, మనీష్ గుచ్చినట్టే. దాని చివర చిన్న నీలం దీపం వెలిగి ఆరుతోంది. చచ్చిన ల్యాప్‌టాప్ నోరు విప్పదన్న ధీమా వాడిది.

"అహల్యా, ఆదివారం నగల గది తాళం ఎవరి దగ్గరుండె?"

"గుత్తంత మనీష్‌కే ఇచ్చిండక్కా ఈయన. బందోబస్తు మీదే అని." చెబుతూనే ఆవిడ మొహం పాలిపోయింది. "అక్కా, ఈయన ఇప్పుడు వాని కార్లనే ఉన్నడు."

పన్నెండు నలభై అయింది. వాసవాంబ గారు అప్పటికే లేచి నిలబడ్డారు. "ఫోన్ చెయ్యి. కంప్లైంట్ ఆపుమని చెప్పు, ఇంకేం చెప్పకు. కారు ఎక్కడున్నా దిగి జనంల నిలవడుమను. అంజన్, ఆ డిస్క్ తియ్యి, నా సంచీల ఎయ్యి."

నేను డిస్క్ పీకాను. అహల్య గారు భర్త నంబరు నొక్కి, ఫోన్ చెవికి ఆనించుకున్నారు.

బయట, సగం దించిన నా షట్టరు అవతల, ఒక చిన్నపిల్ల గొంతు గట్టిగా అరిచింది. "తాతా, ఫోన్ ఎత్తు తాతా!"

అహల్య గారి మొహంలోకి ప్రాణం వచ్చింది. "వచ్చిండు! ఇక్కడనే ఉన్నడు" అని రెండడుగులు ముందుకి వేశారు. వాసవాంబ గారు ఆవిడ మోచెయ్యి పట్టి ఆపారు.

షట్టరు కింద నుంచి వంగి మనీష్ లోపలికొచ్చాడు. ఒక్కడే. వాడి కళ్ళు ముందు బల్ల మీది ఎర్ర దూదినీ, దాని పక్కన మూడు పసుపు గింజలనీ చూశాయి. తర్వాత నా తెర చూశాయి. వెనక్కి చెయ్యి చాపి, షట్టరుని నేల దాకా దించాడు.

"అంజన్ భాయ్, నా పెన్‌డ్రైవ్ ఇక్కడనే మరిచిన" అన్నాడు.

వామన్‌రావు గారి ఫోన్ వాడి ఎడమ చేతిలో ఉంది. మాన్య ఇంకా తాతని పిలుస్తూనే ఉంది.